కీలులో పసుపు జిగురు

డిటెక్టివ్ మాణిక్‌రావు కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నాడని అందరూ అనుకుంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. హైదరాబాదు కోర్టులో ఇరవై ఏళ్లు ఉర్దూ వాంగ్మూలాలను తెలుగులోకి తర్జుమా చేసిన మనిషి, సాక్షులు చెప్పేది కళ్లు మూసుకుని వినడం అక్కడే నేర్చుకున్నాడు. కళ్లు తెరిస్తే మొహం అడ్డొస్తుందని, మాట సరిగ్గా వినపడదని ఆయన నమ్మకం. మధ్యలో ఓ కునుకు పడితే అది సాక్షి తప్పు గానీ ఆయన తప్పు కాదు.

1958 జనవరి నెలాఖరులో ఓ రోజు ఉదయం పదింటికి, సంగారెడ్డిలో ముర్తుజా చాకుల దుకాణంలో ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. సానరాయి ఒకే రాగంలో తిరుగుతోంది. గుమ్మంలోంచి లేత ఎండ వచ్చి మోకాళ్ల మీద వాలింది. గోడకున్న బల్ల మీద వరసగా అత్తరు సీసాలంత చిన్న నూనె సీసాలు, ఒక్కోదానిలో ఒక్కో రంగు. మాణిక్‌రావుకి ఆ రంగులన్నీ రెప్పల వెనక ఈదుతున్నట్టు అనిపించింది. హాయిగానే ఉంది, కానీ హాయిగా ఉండే సమయం కాదది.

ఐదు రోజుల కింద పటాన్‌చెరులో నూనె వ్యాపారి వెంకటనారాయణ సేటు తన గానుగ కొట్టంలోనే కత్తిపోటుతో చనిపోయాడు. శవం పక్కన నల్ల కొమ్ము పిడి ఉన్న మడతచాకు దొరికింది. పిడి మీద మూడు చుక్కలు, అంటే ముర్తుజా చేసిన చాకు. ఆ మధ్యాహ్నం కొట్టానికి బయటి మనిషి ఒక్కడే వచ్చాడు, ఇంజను మేస్త్రీ లతీఫ్. లతీఫ్ దగ్గర అచ్చం అలాంటి చాకే ఉండేది, ఇప్పుడు లేదు. సేటు బామ్మర్ది కాశీనాథ్ హత్యను కళ్లారా చూశానని చెప్పాడు. రేపు పొద్దున పదకొండింటికి లతీఫ్‌ని సంగారెడ్డి నుంచి హైదరాబాదు జైలుకు తరలిస్తారు. అక్కణ్ణుంచి సెషన్స్ కోర్టు, ఆ తర్వాత ఉరి. మాణిక్‌రావును పిలిపించింది లతీఫ్ తల్లి బషీరున్నీసా. ఆమె ముర్తుజాకు సొంత అక్క. దుకాణం వెనక పరదా చాటున కూర్చుని ఆమె అంతా వింటోంది.

"చాకు అమ్మేటప్పుడు నువ్వేం చేస్తవో మళ్లొకసారి చెప్పు, ముర్తుజా మియా."

"ఏం చేస్త రావుసాబ్? ముందుగాల అడుగుత, దీంతోని ఏం కోస్తవ్ అని. అది చెప్పనిది కీలుల నూనె పొయ్య. నూనె పొయ్యనిది చాకు చేతికియ్య."

"ఏం కోస్తే ఏంది? ఏదో ఒక నూనె."

సానరాయి ఆగింది. ముర్తుజా మొహంలో నొప్పి కనబడింది. ఆ మాట వేరెవరైనా అని ఉంటే దుకాణంలోంచి పొమ్మనేవాడే.

"గట్లంటరేంది సాబ్? పండ్లు కోసుకునేటోని చాకుకు మిషన్ నూనె పోస్తే నోట్లెకు పోదా? ఆయినకు నువ్వులనూనె, గదీ సూదిమొనంత. ఎనిమిది దినాలకొకపారి తుడువుమని చెప్త. దుమ్ముల తిరిగేటోనికి అస్సలు నూనెనే పొయ్య, పెన్సిల్ నలుపు గీకి పొడి ఏస్త. పొడికి దుమ్ము అంటదు. కొబ్బరినూనె గీ సలికి గడ్డకడ్తది. ఆముదం బండి ఇరుసుకు మంచిగుంటది, చాకుకు పోస్తే చాకు గూడ బండి లెక్కనే కదుల్తది."

"మరి లతీఫ్‌కు?"

"వాడు నా మేనల్లుడే అయినా అడిగిన సాబ్. రబ్బరు, తోలుపట్టా, కొలత దారాలు కోస్త మామూ అన్నడు. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు పోసిన. బొటనేలు ఆనిస్తే సాలు, సప్పుడు లేకుండ తెరుసుకుంటది. గాడు చాకు తీస్కపోయి పదిహేడు దినాలు. ఖూనీ అయిననాటికి పన్నెండు."

మాణిక్‌రావు జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో ఒకే ఒక పుల్ల ఉంది. పుల్ల కొసకు పసుపు పచ్చని జిగురు, మినపగింజలో సగమంత.

"నిన్న ఠాణాల చాకు చూపిచ్చిండ్రు. చేతికియ్యలేదు. జవాను అటు తిరిగినప్పుడు కీలు సందుల పుల్ల పెట్టి గీకిన. ఇదేందో చెప్పు."

ముర్తుజా దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. నాలుక కొసకు ఆనించుకుని కాసేపు ఆలోచించాడు.

"కుసుమనూనె."

"పక్కానా?"

"మా ఇంట్ల దినాం గదే తింటం సాబ్. కొత్తగున్నప్పుడు బంగారం లెక్క జారుతది, సూసి మోసపోతరు. నెల దినాలు గాలి తగిలితే బంక అయితది. నూనె డబ్బా మూతికాడ పచ్చగ తోలు కడ్తది, సూడలేదా? ఇగ ఇది ఒక్కపారి పోసింది కాదు. బిగుసుకున్నప్పుడల్లా మళ్ల గదే పోసిండు. ఏండ్ల సంది, పొర మీద పొర." అతను తల ఊపాడు. "ఎవడో గాని ఆ చాకును పానం లెక్క సూసుకుంటుండు. సూసుకుంటనే ఖరాబు చేసిండు."

"పన్నెండు దినాల చాకుల గింత జిగురు పుడ్తదా?"

"ఖుదా కసం, పుట్టదు. అది లతీఫ్ చాకు కాదు సాబ్. గసొంటియి నేను నూర్ల మందికి చేసిచ్చిన."

పరదా కదిలింది. బషీరున్నీసా గొంతు వినబడింది. "భాయిసాబ్, గీ ముక్క రేపు కచేరిల చెప్తే నా కొడుకును ఇడుస్తరా?"

మాణిక్‌రావుకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు. "చెప్పేది మేనమామ, అమ్మా. ఇడువరు."

"దినాం జైలుకు అన్నం గిన్నె తీస్కపోతున్న," అంది ఆమె. "రేపటి సంది ఏడికి తీస్కపోవాలె?"

మాణిక్‌రావు లేచి చెప్పులు వేసుకున్నాడు.

బస్సు ప్రయాణం, పటాన్‌చెరు బజారు మనకు అక్కర్లేదు. ఆ దారంతా ఆయన నిద్రలోనే ఉన్నాడు కాబట్టి ఆయనకూ అక్కర్లేదు. మూడున్నరకు వెంకటనారాయణ సేటు గానుగ కొట్టంలో అడుగుపెట్టాడు. లోపల కళ్లకు గంతలు కట్టిన తెల్ల ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతోంది. కట్టె రోకలి కిర్రుమంటూ మూలుగుతోంది. పై పెంకుల సందుల్లోంచి పడే ఎండచారల్లోకి ఎద్దు వస్తూ పోతూ ఉంటే, ఒక్కసారి ఉన్నట్టు, ఒక్కసారి లేనట్టు కనబడుతోంది. గాలి నిండా కమ్మటి పచ్చి నూనె వాసన.

ఎద్దు వెనక కాశీనాథ్ నడుస్తున్నాడు. నలభై అయిదేళ్ల బక్కపలుచటి మనిషి, ఒంటి మీది ధోవతి నూనె తాగి తాగి తేనెరంగుకు తిరిగింది. అక్క శకుంతల పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు పదేళ్ల పిల్లవాడుగా ఆమె వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

"సావు ఇంట్ల అయిదో దినమే గానుగ తిప్పుతున్నవా, కాశీనాథ్?"

"ఆపితే కట్టె ఎండి నెర్రెలిస్తది సాబ్. ముప్పై అయిదేండ్ల సంది దీన్ని ఎండనియ్యలేదు. బావ పోయిండని దీన్ని గూడ సంపుకుంటనా?"

"ఆ దినం ఏమైందో చెప్పు."

"ఎన్నిపార్లు చెప్పాలె? ఒంటిగంటన్నరకు తురకపిల్లగాడొచ్చిండు. బావకు, వానికి మాటా మాటా పెరిగింది. నేను గీ కిటికీకాడ కుసుమల సంచి ఇప్పుతున్న. రెండు గంటల అయిదు నిమిషాలకు పొడిసి ఉరికిండు."

"గడియారం చూసినవా?"

"గోడకుంది గద."

మాణిక్‌రావు గోడ వారనున్న రాతి పలక మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కిర్రు, మూలుగు, గిట్టల చప్పుడు. కిర్రు, మూలుగు, గిట్టల చప్పుడు. ఎక్కడో లోపల ఎప్పుడో విన్న జోలపాట మళ్లీ వినబడుతున్నట్టుంది. ఇంకో రెండు చుట్లు తిరిగితే నిజంగానే నిద్రపోయేవాడు. కాళ్లు చాచబోతే మడమలు మట్టిలోకి దిగాయి.

కళ్లు తెరిచాడు. కొట్టం నేలంతా ఏళ్ల తరబడి నూనె ఇంకి నల్లగా, రాయిలా ఉంది. పలక ముందు నాలుగు మూరల చదరం మాత్రం మెత్తగా, ఎర్రగా ఉంది.

"ఇక్కడ గుంత ఉండెనా?"

"బావ తవ్విచ్చిండు. ఇంజను కూసోబెట్టనీకి."

"పూడ్చింది?"

"నేనే. ఎద్దు కాలు పడ్తదని."

"ఎప్పుడు?"

కాశీనాథ్ ఒక చుట్టు తిరిగి వచ్చిన తర్వాత జవాబు చెప్పాడు. "దహనమైన తెల్లారి."

బావ చితి ఆరకముందే గుంత పూడ్చేశాడు. మాణిక్‌రావు లేచి కుసుమల సంచుల దగ్గరికి నడిచాడు. మూడు సంచుల మూతులు కొత్తగా విప్పారు. కుట్టుదారం ముక్కలు కింద పడి ఉన్నాయి. కోసిన చోట దారం పీచు లేకుండా నున్నగా ఉంది.

"ఈ దారాలు దేనితోని కోసినవ్?"

"కొడవలితోని."

కొడవలి గోడకు వేలాడుతోంది. దాని పళ్లకూ గోడకూ మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. మాణిక్‌రావు వంగి ఒక దారం ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంత కుసుమనూనె వాసన మధ్య ఆ కొంచెం వాసన పట్టుకోవడం కష్టమే. కానీ ఉంది. తెల్ల దారం మీద వెంట్రుకంత సన్నటి మరక, కుట్టుమిషన్ నూనె వాసన. ఈ కొట్టంలో కుట్టుమిషన్ లేదు, రావలసిన ఇంజను ఇంకా రాలేదు. జైల్లో లతీఫ్ చెప్పింది గుర్తొచ్చింది. 'కొలత దారం కోసి చాకు పలక మీద పెట్టిన సార్, రెండూ పది బస్సు తొందరల మరిచిపోయిన.' ఆ మాట పోలీసులెవరూ నమ్మలేదు. లతీఫ్ చాకు ఈ కొట్టంలోనే ఉంది, రోజూ పని కూడా చేస్తోంది.

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ పేర్రాజు లోపలికి వచ్చాడు. గోదావరి ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. ఈ ప్రాంతం వాళ్ల మాట ఆయనకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అక్కర్లేదని అనుకుంటాడు.

"ఏమండీ డిటెక్టివ్‌గారూ! నిద్ర లేచారా?"

"ఇంకా లేదు సార్. మీరొచ్చిండ్రు గద, లేస్త."

"నాలుగింటికి చాకు తీసుకుని రమ్మని చీటీ పంపారు. వచ్చాను. రేపు కాగితాలు పంపేస్తున్నాను, ఇదే ఆఖరు మర్యాద. అందులో మీరు రాసిన నూనె కథ కూడా చదివాను. ముద్దాయి మేనమామ చెప్పిన కథేగా అది? జడ్జిగారు పడీపడీ నవ్వుతారు."

"అందుకే జడ్జి దాకా పోలేదు. రెండూ అయిదుకు పొడిస్తే, రెండూ పదికి బస్సెట్ల ఎక్కిండు? బస్టాండు పది నిమిషాల నడక."

"పరుగెత్తాడు. మనిషిని చంపినవాడు నింపాదిగా నడుస్తాడటండీ?"

"పదిహేను సేర్ల పనిముట్ల సంచి భుజానేసుకొని, బట్టల మీద చుక్క రక్తం లేకుండ?"

"అదృష్టవంతుడు. అంతే." పేర్రాజు నవ్వాడు గానీ ఆ నవ్వు కొంచెం తొందరగా అయిపోయింది.

పనిమనిషి బక్కమ్మ పొగలు కక్కే టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. కాశీనాథ్ కూడా ఒకటి తీసుకుని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎద్దు తన మానాన తాను తిరుగుతోంది.

"సాక్షి వాంగ్మూలం ఒక్కసారి చదువుండ్రి," అన్నాడు మాణిక్‌రావు.

పేర్రాజు విసుగ్గా కాగితం విప్పాడు. "'ముద్దాయి ఎడమచేత్తో మృతుని చొక్కా పట్టుకొని, కుడిచేత్తో జేబులోనుండి చాకు తీసి, బొటనవేలితో తెరచి పొడిచెను.' చాలా?"

"చాలు. ఇగ ఆ చాకును గట్లనే తెరువుండ్రి. ఒంటిచేత్తోని."

పేర్రాజు కవరులోంచి చాకు తీశాడు. వేలిముద్రల సంగతి అడగకండి, మొదటి రోజే ఠాణాలోని ముద్రలన్నీ దాని మీద కలిసిపోయాయి. బొటనవేలితో నెట్టాడు, కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాడు. టీ గ్లాసు బక్కమ్మకిచ్చి రెండు చేతులతో లాగాడు. ఫట్‌మని గోరు విరిగింది.

"అబ్బా! రక్తం గడ్డకట్టి బిగుసుకుపోయిందయ్యా!"

"రక్తం మొన దిక్కు సగం దాకనే అంటిందని మీ పంచనామాలనే రాసుంది. శవం పక్కన తెరుచుకొనే పడి ఉండె. దాన్ని ముడువనీకి మీ జవాను గోడకు పెట్టి ఒత్తిండట. సార్, బొటనవేలితోని తెరుచుకోని చాకును బొటనవేలితోని తెరిచిండని సాక్షి చెప్పిండు. రేపు కోర్టుల వకీలు ఇదే చాకు మీ చేతికిచ్చి ఇదే అడుగుతడు."

పేర్రాజు మొహం ఎర్రబడింది. గోరు నోట్లో పెట్టుకుని, చాకు వంక, కాగితం వంక చూశాడు. ఆ తర్వాత కాశీనాథ్ వంక చూశాడు. ఆ చూపులో మొదటిసారి అనుమానం కనబడింది.

"ఇటియ్యుండ్రి సార్," అన్నాడు కాశీనాథ్ గబగబా. "మీకు అలవాటు లేక. తెరుసుకుంటది, ఎందుకు తెరుసుకోదు?"

చాకు అందుకున్నాడు. ఎడమచేతిలో ఉన్న వేడి టీ గ్లాసుకు దాని కీలును ఆనించాడు. మెల్లగా ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ చేతుల్లో ఎంత నేర్పుందో, ఎంత ప్రేముందో మాణిక్‌రావు చూస్తూ ఉండిపోయాడు. కొంచెంసేపయ్యాక కాశీనాథ్ గ్లాసు పలక మీద పెట్టి, గోరుతో పట్టి లాగాడు. మెత్తబడిన జిగురు సాగి, చాకు నెమ్మదిగా తెరుచుకుంది.

"సూడుండ్రి! వచ్చింది గద!"

అతని మొహం వెలిగిపోతోంది. తన సాక్ష్యం నిలబడిందన్న సంతోషం అది.

"ఎంత దాకా లెక్కపెట్టినవ్?" అన్నాడు మాణిక్‌రావు చాలా మెల్లగా.

"ఇరవై," అన్నాడు కాశీనాథ్.

"ఇరవై లెక్కపెడితే తెరుచుకుంటదని నీకెవరు చెప్పిండ్రు?"

ఎద్దు ఒక చుట్టు తిరిగింది. పేర్రాజు నోట్లోంచి వేలు తీశాడు. ఆయనకు ఈ ప్రాంతం మాట సగమే తెలిసినా, ఈ ఒక్క మాట పూర్తిగా అర్థమైంది. కాశీనాథ్ తన చేతిలోని చాకును, అది ఎవరిదో అప్పుడే తెలిసినట్టు, చూసుకుంటూ నిలబడ్డాడు.

"ముర్తుజా ఒక మాటన్నడు," అన్నాడు మాణిక్‌రావు. "కుసుమనూనె చాకుకు పోస్తే ఖరాబైతదని."

"వానికేం తెల్సు!" కాశీనాథ్ అరిచాడు. "మా గానుగ నూనె సాబ్ అది! నెత్తికి అదే, అన్నానికి అదే, దీపానికి అదే. చాకుకు పనికిరాదా? బావ గూడ గట్లనే మాట్లాడిండు. ఇంజను నూనె మంచిగుంటదట, జల్దీ వస్తదట. గీ గానుగను కొట్టి పొయ్యిలకట్టెలు చేస్తనన్నడు. నేను సంచి మూతి కోస్తున్న. చాకు చేతులనే ఉండె, తెరిచే ఉండె." అతను గానుగ వైపు చూశాడు. "పిల్లగాడు అప్పటికే పోయిండు. వాని చాకు పలక మీద ఉండె. అచ్చం నా దాని లెక్కనే. నాది ఆడనే ఇడిసి దాన్ని తీస్కున్న."

మాణిక్‌రావుకి ఆ క్షణంలో అతని మీద జాలి వేసింది. కానీ అంతకంటే పెద్ద భయం వేసింది. పోలీసు ఎదుట ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని ఇరవై ఏళ్లు తర్జుమా చేసినవాడికి తెలియదా? ఈ మాట మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. రేపు పదకొండింటి లోపల, ఈ నోటితోనే చెప్పాలి.

కాశీనాథ్ పాత చాకును జాగ్రత్తగా పలక మీద పెట్టాడు. ధోవతి మడతలోకి చెయ్యి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో ఇంకో నల్ల కొమ్ము పిడి ఉంది. బొటనవేలు ఆనింది, అంతే. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

లతీఫ్ చాకు! దొరికింది అనుకున్నాడు మాణిక్‌రావు. ఆ సంతోషంలో అది ఎటు వస్తోందో చూసుకోలేదు. చూసుకునేసరికి కాశీనాథ్ ఎడమచెయ్యి ఆయన జుట్టు పట్టుకుంది, మొన చెవి కింద గుచ్చుకుంది. బక్కమ్మ చేతిలోని గ్లాసు కింద పడి పగిలింది.

"నన్ను తీస్కపోతే గానుగ ఎవడు తిప్పుతడు?" అన్నాడు కాశీనాథ్. ఏడుస్తున్నాడు. "ఎవ్వరు దగ్గరికి రాకుండ్రి."

పేర్రాజు రివాల్వరు తీశాడు. మూడు గజాల దూరం, గురి తప్పే ప్రశ్నే లేదు. ఆయన వేలు బిగుస్తోంది.

"వద్దు సార్! కాల్చకుండ్రి!" అని అరిచాడు మాణిక్‌రావు. మెడ మీద వెచ్చగా రక్తం జారుతోంది. "నేను పోతే పోత. ఈయన బతకాలె. ఈయన నోరిప్పితెనే ఆ పిల్లగాడు బతుకుతడు!"